ఎవరిదీ కాని చేప

గుడివాడలో నేను నడిపే ఆక్వా ల్యాబుకి పొద్దుటే చేపలొస్తాయి. నందివాడ, ముదినేపల్లి, మండవల్లి వైపు నుంచి రైతులు మోటార్ సైకిల్ హ్యాండిల్‌కి ప్లాస్టిక్ కవరు తగిలించుకుని వస్తారు. కవరులో బొచ్చో, శీలావతో ఉంటుంది. సంచిలో సీసాడు చెరువు నీళ్ళు. తెల్లవారుజామున చేపలు తలలెత్తాయండి, మేత మానేశాయండి, ఒంటి మీద ఎర్రమచ్చలు పడ్డాయండి అని చెబుతారు. డీఓ, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ చూస్తాం, అమ్మోనియా చూస్తాం, మొప్పలో చిన్న ముక్క కత్తిరించి మైక్రోస్కోప్ కింద పెడతాం. ఏం చెయ్యాలో చీటీ రాసిచ్చి పంపుతాం.

ఆ చేపకి యజమాని ఉన్నాడు. దాని వెనక చెరువు కౌలు ఉంది, మేత కొట్లో ఖాతా ఉంది, పట్టుబడి డబ్బుతో చెయ్యాల్సిన పెళ్ళి ఉంది. దానికి బాగాలేదంటే ఆ ఇంట్లో ఒకరికి రాత్రి నిద్ర పట్టదు. అదే చెరువు గట్టుకి అవతల, మురుగు కాలువలో తిరిగే మట్టగుడిస చేపకి ఒంటి మీద పుండు పడితే దాన్ని కవరులో వేసుకుని నా దగ్గరికి ఎవరూ రారు. రైతుని నేను తప్పుపట్టను. పెంచినవాడు పెంచినదాన్ని చూసుకుంటాడు. ఎవరూ పెంచనిదాన్ని ఎవరు చూడాలి? ప్రభుత్వం చూడాలి, శాఖలున్నాయి కదా అంటారు. ఉన్నాయి, వాటి పని అవి చెయ్యాల్సిందే. అయినా ఈ ప్రశ్న శాఖలతో తీరదని నా నమ్మకం. ఇది ధర్మానికి సంబంధించిన ప్రశ్న. ఎవరిదీ కాని ప్రాణి బాగోగులు ఎవరి బాధ్యత?

మన పురాణాల్లో ఈ ప్రశ్న ఎప్పుడో వచ్చింది, అదీ చేప నోటి నుంచే. భాగవతం ఎనిమిదో స్కంధంలో ద్రవిడ దేశపు రాజు సత్యవ్రతుడు కృతమాలా నదిలో తర్పణం విడుస్తుంటే దోసిట్లోకి ఒక చేపపిల్ల వస్తుంది. రాజు దాన్ని మళ్ళీ నీళ్ళలోకి వదిలేస్తాడు. ఎవరైనా అదే చేస్తారు. అప్పుడు చేప మొరపెట్టుకుంటుంది. ఆ నీళ్ళలోకి నన్ను పంపకు, అక్కడ నా ప్రాణానికి భయం అంటుంది. శతపథ బ్రాహ్మణంలో ఇదే కథ మనువుకి జరుగుతుంది, చేతులు కడుక్కునే నీళ్ళలో. ప్రవచనాల్లో ఈ ఘట్టాన్ని తొందరగా దాటేస్తారు. ముందు ప్రళయం ఉంది, ఓడ ఉంది, అసలు కథ అటుందని. నేను మాత్రం ఆ మొదటి నిమిషం దగ్గరే ఆగిపోతాను. చేపకి ఏరు పుట్టిల్లు. నన్ను పుట్టింటికి పంపకు అని అది అడుగుతోంది. ఆ పిల్లచేప భగవంతుడని రాజుకి అప్పటికి తెలియదు. ఆయన రాజ్యంలో దానికి పన్ను లేదు, పేరు లేదు. దోసిట్లోకి వచ్చింది, అడిగింది, కాబట్టి కమండలంలో పెట్టుకుని ఆశ్రమానికి తీసుకెళ్ళాడు. కాపాడడం ముందు జరిగింది, గుర్తుపట్టడం తర్వాత. మనం తలకిందులు చేసుకున్నాం. ముందు అది ఎవరిదో, దాని విలువెంతో తేలితే అప్పుడు చూద్దాం అంటున్నాం.

మా దగ్గర ఆ ఏటి పేరు బుడమేరు. మైలవరం వైపు కొండల్లో పుడుతుంది. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ పెట్టి కొంత నీటిని డైవర్షన్ కాలువ మీదుగా కృష్ణలోకి మళ్ళించారు. అసలు ఏరు విజయవాడ ఊరి మధ్య నుంచి పారి, అక్కణ్ణుంచి నందివాడ మండలం మీదుగా కొల్లేటికి చేరుతుంది. దారి పొడుగునా పరిశ్రమల వ్యర్థజలం, నగరం మురుగు, పొలాల మందు, చివరికొచ్చేసరికి మా చేపల చెరువుల నీళ్ళు కూడా అందులోనే కలుస్తాయి. 2024 సెప్టెంబరులో దాని గట్లు తెగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు దేశమంతా బుడమేరు పేరు విన్నది. కొల్లేరుకి 1999లో అభయారణ్యం హోదా ఇచ్చారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు. 308 చదరపు కిలోమీటర్ల మేర పక్షులకు రక్షణ అని కాగితం మీద ఉంది. ఆ పక్షులు తినే చేప మాత్రం బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు ఏం తెస్తే అందులో బతుకుతోంది. కొల్లేటికి సముద్రం వైపు దారి ఒక్క ఉప్పుటేరే కాబట్టి వచ్చిన మురికిలో చాలా భాగం అడుగున బురదలో కూచుంటుంది. ఆ బురదలోని భారలోహాలు మనం తినే చేపల ఒంట్లోకి ఎక్కుతున్నాయని 2004లోనే హైదరాబాదు శాస్త్రవేత్తలు పత్రం రాశారు.

ఒకరోజు విసురు వల వేసుకుని బతికే ఒక పెద్దాయన తువ్వాలులో చుట్టిన చేపను బల్ల మీద పెట్టాడు. మట్టగుడిస. "ఏ చెరువుది బాబాయ్?" అంటే "చెరువుది కాదు డాక్టరు గారండి, బుడమేరుది. ఈ మధ్య వల్లో పడే వాటిల్లో ఇలాంటివి ఎక్కువైనాయి. కూర వండుకోవచ్చా కూడదా చెప్పండి" అన్నాడు. మమ్మల్ని ఇటు అందరూ డాక్టర్లనే పిలుస్తారు. "ఫీజెంతండి?" అని కూడా అడిగాడు. నేను చీటీలో యజమాని పేరు రాసే గడి దగ్గర ఆగిపోయాను.

చేపను ఎలా చూస్తామో చెబుతాను, ఎందుకంటే అసలు విషయమంతా అక్కడే ఉంది. దాని పొడవు 18 సెంటీమీటర్లు, బరువు 52 గ్రాములు. బరువును నూరుతో హెచ్చించి, దాన్ని పొడవు ఘనంతో భాగిస్తే 0.89 వచ్చింది. అంత మట్టగుడిస మంచి మేత మీద ఉంటే ఒకటి దాటాలి. తల పెద్దదిగా, వీపు సన్నగా కనిపించింది. తోక దగ్గర పావలా బిళ్ళంత పుండు, అంచులు ఎర్రగా, మధ్యలో కండ బయటపడి ఉంది. ఒంటి మీద జిగురు మామూలు కంటే చిక్కగా, బూడిద రంగులో వేళ్ళకి అంటుకుంది. మొప్ప మూత ఎత్తితే మొప్పలు నెత్తుటి ఎరుపులో లేవు, వెలిసిన ఇటుక రంగులో ఉన్నాయి, చివర్లు అతుక్కుపోయాయి. పొట్ట కోస్తే కాలేయం పసుపు పారి, వేలితో తాకగానే చెదిరింది. చేదు తిత్తి ముదురాకుపచ్చగా ఉబ్బి ఉంది. చేప తిన్నప్పుడల్లా అది ఖాళీ అవుతుంటుంది, అంత నిండి ఉందంటే చేప చాలా రోజులుగా సరిగ్గా తినలేదని. పేగులో ఏమీ లేదు. తినొద్దు బాబాయ్ అని చెప్పి పంపాను.

అంతమాత్రాన ఇది ఫలానా ఫ్యాక్టరీ పని అని రాయడానికి లేదు. ఆ పుండు రోగం 1988లో మన దేశంలోకి ఈశాన్యం వైపు నుంచి వచ్చింది. 1990ల మొదట్లో ఆంధ్రకి దిగింది. బూజు లాంటి ఒక సూక్ష్మజీవి దానికి కారణం, చలికాలంలో ముదురుతుంది. చర్మం దెబ్బతిన్న చేప దానికి సులువుగా లొంగుతుంది. చర్మాన్ని ముందు దెబ్బతీసింది ఏమిటన్నదే తేలాల్సిన సంగతి. అది తేలాలంటే ఒక్క చేప చాలదు. అదే జాతి, అదే వయసు, అదే నెలలో పట్టినవి, మురుగు కలవక ముందు చోటు నుంచి కొన్ని, కలిసిన తర్వాత చోటు నుంచి కొన్ని కావాలి. బాగున్న చేప ఎలా ఉంటుందో పక్కన పెట్టుకుంటేనే బాగాలేనిది బాగాలేదని తెలుస్తుంది. డెల్టాలో ఆ బాగున్న చోటు వెతకడమే ఇప్పుడు కష్టం.

నీళ్ళు పరీక్షిస్తే చాలదా, చేపను ఎందుకు కొయ్యడం అని అడుగుతారు. సీసాలో పట్టిన నీళ్ళు ఆ గంట సంగతి చెబుతాయి. రాత్రి వదిలిన వ్యర్థం పొద్దుటికి దాటిపోతుంది. చేప ఒంట్లో ఏడాది కథ ఉంటుంది. పైగా నీళ్ళలో ఏం వెతకాలో తెలిసిన వాటినే మనం వెతుకుతాం. పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధిచేసి నక్కవాగు వైపు వదులుతుంటే 2007లో స్వీడన్ శాస్త్రవేత్త లార్సన్, ఆయన తోటివాళ్ళు అందులో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని చూపించారు. ఆ మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అక్కడ యాంటీబయాటిక్ కోసం వెతకాలని అందరికీ తట్టదు. ఆ నీటిని వెయ్యి పాళ్ళలో రెండు పాళ్ళు కలిపితేనే కప్పపిల్లల ఎదుగుదల బాగా తగ్గిపోయిందని తర్వాత పరీక్షల్లో తేలింది. ఆ నీటిలో ఏముందో తెలియకపోయినా కప్పపిల్ల ఒళ్ళు దానికి జవాబు చెప్పింది.

"చేపలు పడుతున్నాయి కదండీ, అంటే నీళ్ళు బాగున్నట్టేగా" అనే మాట నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెడుతుంది. ఏం పడుతున్నాయో చూడండి. కొర్రమీను, మట్టగుడిస, మార్పు, ఇంగిలాయి, గొరక. ఇవన్నీ నీళ్ళ పైకి వచ్చి గాలి మింగి బతకగలిగిన చేపలు. నీళ్ళలో ఊపిరి లేకపోయినా చావవు. మొప్పల మీదే ఆధారపడ్డ చేపలు ఒక్కొక్కటే వల్లోకి రావడం మానేశాయి. బతికి ఉండడం వేరు, ఆరోగ్యంగా ఉండడం వేరు. ఈ తేడా మన వైద్యులకి బాగా తెలుసు. సుశ్రుతుడు ఆరోగ్యవంతుడంటే ఎవరో చెబుతూ దోషాలు, అగ్ని, ధాతువులు సమంగా ఉండడంతో ఆగలేదు. ఆత్మ, ఇంద్రియాలు, మనసు తేటగా ఉండాలన్నాడు. మనిషి సంగతి సరే, చేపకి ఇంద్రియాలు తేటగా ఉండడమేమిటి అనుకోవచ్చు. చేపకి ముక్కే లోకం. మేత ఎక్కడుందో, జత ఎక్కడుందో, శత్రువు ఎటు నుంచి వస్తోందో చాలావరకు వాసనతోనే తెలుసుకుంటుంది. నీళ్ళలో రాగి కాస్త పెరిగితే చాలు, చేప చావదు, ఒంటి మీద మచ్చ పడదు, ముక్కు మాత్రం మొద్దుబారుతుందని సాల్మన్ చేపల మీద చేసిన పరీక్షలు చెబుతున్నాయి. పక్కన శత్రువు ఉన్నా కదలకుండా నక్కాలని తెలియక ఈదుతూనే ఉంటుంది. బయటికి చూస్తే నిక్షేపంగా ఉంటుంది. అలాంటి చేపను సుశ్రుతుడు ఆరోగ్యంగా ఉందని ఒప్పుకోడు. నేనూ ఒప్పుకోను.

కార్తీకంలో ఒక సభలో నదికి మైల అంటదని, అగ్నికి అంటనట్టే ప్రవహించే నీటికీ అంటదని విన్నాను. శుచి వేరు, శుభ్రం వేరు, రసాయనాలు వచ్చి నది పావిత్ర్యాన్ని ఏం చెయ్యగలవు అని ఆ చెప్పినవారి భావం. భక్తితోనే అన్నారు. కానీ మా దివిసీమ స్థలపురాణం అలా చెప్పదు. జనం పాపాలు కడిగి కడిగి గంగ నల్లబడిపోయిందట. విష్ణువు దగ్గరికి పోయి మొరపెట్టుకుంటే, కాకి రూపంలో తీర్థాలన్నిటిలో మునుగు, ఎక్కడ తెల్లబడితే అక్కడ నీ మలినం పోయినట్టు అన్నాడట. తిరిగి తిరిగి కృష్ణ సముద్రంలో కలిసే చోట మునిగి లేచేసరికి కాకి హంస అయింది. అదే హంసలదీవి. మాఘ పౌర్ణమికి సంగమంలో మునగడానికి వచ్చే జనానికి ఈ కథ తెలియనిది కాదు. గంగంతటిది తనకు మైల అంటిందని ఒప్పుకుంది, దాచుకోలేదు, నాకెలా పోతుంది అని అడిగింది. దేవుడు కూడా నీకు మైలేమిటి, ఊరుకో అనలేదు, పోవడానికి దారి చెప్పాడు. మన పెద్దలు నదిని మైల అంటని పవిత్రతగా చూడలేదని, మనం వేసిన భారం మోసి మోసి అలిసిపోయే తల్లిగానే చూశారని నాకు ఈ కథ వల్లే నమ్మకం కుదిరింది.

మరో సంగతి. శుచీ శుభ్రమూ వేరనే మాట గట్టు మీద ఉన్నవాళ్ళకి చెల్లుతుంది. మనం మూడు మునకలేసి గట్టెక్కుతాం. చేపకి గట్టు లేదు. అది ఆ నీటిలోనే మేత వెతుక్కోవాలి, అందులోనే ఊపిరి తీయాలి, అందులోనే గుడ్లు పెట్టాలి. నది పవిత్రంగా ఉందో లేదో అందులో పుట్టి అందులోనే పోయే ప్రాణిని చూసి చెప్పాలి.

మరి దాన్ని చంపి చూడడం? మా గుడివాడలో పార్శ్వనాథుడి ఆలయం ఉంది, పాత బౌద్ధ స్తూపం దిబ్బ ఉంది. అటు ఘంటసాలలోనూ బౌద్ధ స్తూపమే. అహింస ఈ నేల విననిది కాదు. చేపల బాగు కోసం చేపల్ని కోస్తున్నావు, ఇదెక్కడి న్యాయం అని మా బంధువుల్లో వ్రతం పట్టిన ఒక పెద్దావిడ నన్ను నిలదీసింది. ఆమె ప్రశ్నకి పూర్తి జవాబు నా దగ్గర లేదు. కొంత ఉంది. తోక దగ్గర సిర నుంచి ఒక చుక్క నెత్తురు తీసి స్లైడ్ మీద పూసి చూస్తే ఎర్రకణాల్లో అసలు కేంద్రకం పక్కన చిన్న ముక్కలు విడివడి కనిపిస్తాయి, జన్యుపదార్థం దెబ్బతిందనడానికి అది గుర్తు. పొలుసు తీసి వయసు చూడొచ్చు, జిగురు తీసి పరీక్షించొచ్చు. ఆ చేపను బతికుండగానే నీళ్ళలోకి వదలొచ్చు. కాలేయం మాత్రం అలా దొరకదు. విషం ఎక్కువగా చేరే చోట్లలో అదొకటి. అందుకు కొన్ని ప్రాణాలు పోవాల్సిందే. నీళ్ళలో లవంగ నూనె చుక్కలు వేసి అది మత్తులోకి జారాకే చేస్తాను, అది కనీస మర్యాద. కానీ అసలు నియమం వేరే ఉంది. చూసినదాన్ని నలుగురికీ చెప్పాలి. కోసి, రాసుకుని, ఫైల్లో పెట్టి ఊరుకుంటే ఆ చేపకి చేసింది వట్టి హింస. తెలుసుకున్నదానికి తగిన పని చేసినప్పుడే ఆ హింసకి ఏదైనా సమాధానం ఉంటుంది. ఈ మాట అంటే ఆవిడ తల ఊపలేదు, కాదనీ అనలేదు.

జపాన్‌లోని మినమాటా సంగతి ఈ విషయంలో నాకు పదేపదే గుర్తొస్తుంది. చిస్సో అనే కంపెనీ 1932 నుంచి 1968 దాకా పాదరసం కలిసిన వ్యర్థాన్ని అక్కడి తీరంలోకి వదిలింది. ముందు చేపలు నీళ్ళ మీద తేలాయి, ఆ చేపలు తిన్న పిల్లులు పిచ్చెత్తినట్టు గిరగిరా తిరిగి చచ్చాయి. 1956లో మనుషుల రోగాన్ని అధికారికంగా గుర్తించారు. అప్పటికి చేప చెప్పి చాలాకాలమైంది. ఒగాటా మసాటో అని అక్కడి జాలరి కుటుంబంలో పుట్టినాయన, చిన్నతనంలోనే తండ్రిని ఆ రోగానికి పోగొట్టుకున్నాడు, పరిహారం కోసం ఏళ్ళ తరబడి పోరాడాడు. 1985లో తన దరఖాస్తు వెనక్కి తీసుకున్నాడు. నేను ఆ కంపెనీలో ఉద్యోగిని అయ్యుంటే ఇంకోలా చేసేవాణ్ణా అని తనను తాను అడిగి, చిస్సో అంటే నేను కూడా అన్నాడు. కంపెనీని క్షమించాడని కాదు. డబ్బు లెక్కతో ఈ తప్పు తీరదని ఆయన భావం. మా దగ్గర కూడా బుడమేటి మీద వేలు చూపడం తేలిక. ఫ్యాక్టరీ అంటాం, నగరం అంటాం. చెరువు నీళ్ళు డ్రైన్‌లోకి వదిలేది మనం, ఆ చెరువు చేప కొని వండుకునేది మనం, మందు కొట్టిన వరి అన్నం తినేది మనం. చట్టం ముందు తప్పు ఎవరిదో తేలాలి, శిక్ష పడాలి. ధర్మం ముందు నిలబడేటప్పుడు ఎవరికీ మినహాయింపు లేదు.

2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోయినప్పుడు రక్తంలో సీసం, నికెల్ కనిపించాయని ఎయిమ్స్ చెప్పింది. అప్పుడు మనుషుల నెత్తురు పరీక్షకి హడావిడిగా ఢిల్లీ పోయింది. పక్కనే ఉన్న కొల్లేటి చేపల నెత్తురు ఏటేటా చూసే అలవాటు ఉంటే ఇలాంటి రోజున పోల్చుకోవడానికి మన చేతిలో ఒక లెక్క ఉండేది.

సత్యవ్రతుడి కథలో చేప కమండలంలో పట్టలేదు. నీళ్ళ తొట్టి చాల్లేదు, చెరువు చాల్లేదు, చివరికి సముద్రానికి మోసుకెళ్ళాల్సి వచ్చింది. చిన్నదాన్ని ఒప్పుకున్నవాడికి పెద్దది తప్పదు. ఆ పెద్దాయన మట్టగుడిస విషయంలోనూ అంతే జరుగుతోంది. దాని కాలేయం సంగతి తేలాలంటే బుడమేటి బురద చూడాలి. బురద సంగతి తేలాలంటే పైన ఏం కలుస్తోందో చూడాలి. అక్కణ్ణుంచి కొల్లేరు, ఉప్పుటేరు, సముద్రం. ఇప్పుడు మా ల్యాబుకొచ్చే రైతుల్ని ఒకటి అడుగుతున్నాను. మీ చెరువు చేపతో పాటు గట్టు అవతలి కాలువ చేప ఒకటి తెండి, దానికి ఫీజు లేదు అని. కొందరు తెస్తున్నారు. చీటీలో యజమాని గడి దగ్గర తెచ్చినవారి పేరే రాస్తున్నాను. ఒకాయన "మాది కాదు కదండీ" అన్నాడు. మీ చేతికొచ్చింది కదా అన్నాను. సంతకం పెట్టాడు.

ఇప్పుడు కావాల్సింది పైచోటి చేపలు. వెలగలేరుకి ఎగువన, మైలవరం వైపు వాగుల్లో వల వేసేవారు ఎవరైనా ఉంటే, సంక్రాంతి లోపు పట్టినవి కావాలి, పుండు రోగం ముదిరే కాలం అదే కాబట్టి. మట్టగుడిసలే తేవాలి. వేరే జాతి అయితే పోల్చడానికి పనికిరాదు. జానెడుకి కాస్త తక్కువ పొడవున్నవి ఓ పది. మంచులో పెట్టొద్దు, బతికున్నవి కావాలి. తడి గోనె కప్పి తెచ్చినా తట్టుకుంటాయి, గాలి మింగే జాతి. ఎక్కడ, ఏ రోజు పట్టారో కాగితం మీద రాసి ఇవ్వాలి.